చిలుక తీసిన పటము

మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్లకు ఊరూరినుండి తరలివచ్చిన ప్రభల సొగసు చూచి, త్రికోటేశ్వరునకు మ్రొక్కుకొని, జనసమ్మర్దములో నెట్టుకొనుచు క్రిందికి దిగివచ్చు నల్లరేగడి రైతును, దారిప్రక్క గోనెపట్టాపై పంజరము ముందిడుకొని కూర్చున్న చిలుకజోస్యుడు పిలువకమునుపే ఆకర్షించుచుండెను. ఏలయన ప్రత్తికి ధర పలుకునా, మిరపకు తెగులు తగులునా, పిల్లకు సంబంధము కుదురునా యను సందేహములలో నేదో యొకటి ఆ ఋతువున పల్నాటినుండి ఒంగోలుదాక ప్రతి యింటను మెదలుచునే యుండును.

జోస్యుడు పంజరపు తలుపెత్తి, "అయ్యగారి పేరుమీద మంచి పటము తియ్యవే తల్లీ" యనగానే చిలుక వెలుపలికి వచ్చి, వరుసగా పేర్చిన పటములపై నడచి, ఒకటి రెండింటిని ముక్కుతో ప్రక్కకు లాగివైచి, నచ్చినదానిని యజమానికి అందించి, కూలిగా ఒక వడ్లగింజ పుచ్చుకొని లోనికి పోవును. కట్టలో తఱచుగా 27 పటము లుండుట నక్షత్రముల లెక్కను పట్టియే. కాని వానిపై నుండునవి నక్షత్రములు కావు, దేవతలు. శ్రీరామపట్టాభిషేకము, అశోకవనమున సీత, సంజీవని నెత్తిన హనుమంతుడు, కమలాసనయగు లక్ష్మి, ఏడుకొండలవాడు, వీరి నడుమ ఒక్కొక్కచోట బాలయేసు నెత్తుకొన్న మరియమ్మ కూడ. అడుగవచ్చువారు అన్ని మతములవారును గదా! 1894లో రవివర్మ నెలకొల్పిన అచ్చుకూటముతో ఇంటింటి గోడల కెక్కిన దేవతారూపములే వీనికిని ఒరవడి.

ఈ పటముల యర్థము బొమ్మలో కంటె, కథలో ఆ బొమ్మ నిలిచిన తావున నున్నది. అశోకవనపు సీత వచ్చినచో కష్టకాలమనుట సగము మాటయే. పై కొమ్మలలో హనుమంతుడు కూర్చుండి యున్నాడనియు, ఉంగరము చేతికందు ఘడియ దగ్గఱనే యున్నదనియు ఆ రైతునకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. నరసరావుపేట ప్రాంతపు తోలుబొమ్మలాటలలో, హరికథలలో, బుఱ్ఱకథలలో తెల్లవారుదాక మేలుకొని ఆ కథను విన్నవా డతడు. సంజీవని తెల్లవారకమునుపే చేరవలసిన మందు గనుక, రోగి యింటివానికి ఆ పటము ఆశయు నగును, త్వరపడుమను హెచ్చరికయు నగును. జోస్యుని పాండిత్యమెల్ల వినువాని జ్ఞాపకమును మీటుటయందే కలదు.

ఈ దృష్టితో పాశ్చాత్యుల టారో పేకను చూచినచో దాని చరిత్ర వేఱుగ తోచును. 15వ శతాబ్దమున ఉత్తర ఇటలీలో, మిలాను ప్రభువులైన విస్కోంతి, స్ఫోర్జా వంశముల కొలువులలో బంగారు పూతపై చిత్రింపించుకొన్న ఆ ముక్కలు ఆటకై పుట్టినవే. 78 ముక్కల కట్టలో 22 గెలుపుముక్కలు. వానిలోని అదృష్టచక్రము రోమకుల ఫార్చునా దేవతది. మిలాను కట్టలో బలమను పటమున సింహమును దుడ్డుకఱ్ఱతో మోదువాడు హెర్క్యులీసు. ఒంటికాలితో తలక్రిందులుగా వ్రేలాడువాడు ద్రోహి. ద్రోహులను అట్లు గోడలపై చిత్రించి అవమానించుట ఆ నగరముల ఆచారమే గనుక, నాటి ప్రేక్షకునకు విప్పిచెప్పవలసిన రహస్యమందు లేదు. మూడు శతాబ్దములు గడచి ఆ యెఱుక మాసిన పిదప, 1781లో కూర్ ద జెబెలాన్ అను ఫ్రెంచి పండితుడు ఇవి ఈజిప్టు పురోహితుల గూఢగ్రంథపు పత్రములని ప్రకటించెను. ఈజిప్టు చిత్రలిపి రహస్యమును షాంపోలియన్ ఛేదించుట 1822లో గాని జరుగలేదు. అంతవఱకు ఆ లిపి చదివి కాదనగలవా డెవడు? 1909లో లండనున వెయిట్ అనువాడు కూర్చిన టారో కట్టకు పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మలే నేడు లోకమంతట చెల్లుచున్నవి. కథ మఱచినచోట గూఢార్థము మొలచినదని నా తలంపు. చిలుక పటములకు అట్టి గూఢత్వ మబ్బకపోవుట, కథ యింకను బ్రదికియుండుటచేతనే.

పేకను పురాణముతో ముడివెట్టుట మనకును క్రొత్త కాదు. గుండ్రని గంజిఫా ముక్కలు వ్రాయు చిత్రకారులు నిర్మలలో నుండిరి, కర్నూలు సీమలోని నొస్సములోను ఉండిరి. దశావతార గంజిఫాలో అవతారమునకు 12 చొప్పున 120 ముక్కలు. పగటి యాటకు రాముడు, రాత్రి యాటకు కృష్ణుడు ముందు నడచుట సంప్రదాయము. అయినను అది వినోదముగానే ప్రసిద్ధి కెక్కినది. ఫలము చెప్పు పని పాచికలది. గర్గుని పేర చెల్లు పాశకకేవలి అట్టిది. 1890లో మధ్యాసియాలోని కూచా యొద్ద దొరకిన బౌవర్ వ్రాతప్రతిలోను పాచికల ప్రశ్నశాస్త్రము కలదు.

మఱి పాచిక చేయు పని చిలుక కెట్లు దక్కినది? పరీక్షిత్తునకు భాగవతము వినిపించిన మహర్షి శుకుడు. మన్మథునకు వాహనము చిలుక. గోదాదేవి చేతను, మధుర మీనాక్షి చేతను వ్రాలినదియు నదియే. విన్నదానిని విన్నట్లు పలుకు ఆ పక్షికి పటముల యందు తనదను పక్షము లేదని జనుల నమ్మకము కాబోలును. అయినను 1980ల చివర తెల్లదోమ ఈ మైదానముల ప్రత్తిపై విరుచుకుపడి, కొట్టిన మందెల్ల వ్యర్థమై, అప్పులపాలైన రైతులు ప్రాణములు తీసికొన్ననాడు ఏ లక్ష్మీపటమును అక్కఱకు రాలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి రామచిలుకను పట్టుటయు, పంజరమున నుంచుటయు నేరములు. జోస్యుని జీవిక సన్నగిల్లుట విచారకరమే యైనను, రెక్కలు కత్తిరింపబడి ఒక్క వడ్లగింజకై యిరులోకముల వార్తలు మోయు ఆ పక్షిని తలచినపుడు, నేను చట్టమువైపే నిలుతును.