ఖాతాల భద్రత: పాస్‌వర్డ్, ఓటీపీ, వేలిముద్ర

సింగరేణి కాలరీస్ ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెంలో జీతం వచ్చిన కబురు మొదలు కరెంటు బిల్లు దాకా అన్నీ ఫోన్‌లోనే నడుస్తాయి. ఇక్కడ ఖాతాకు కాపలా పాస్‌వర్డ్, ఓటీపీలే. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి పల్లెల్లో బ్యాంకు దూరం కాబట్టి, ఉపాధి హామీ కూలి డబ్బును బ్యాంకు తరఫున ఊళ్లో పనిచేసే బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి తీసుకునేవారు ఎక్కువ.

కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టడం 1960ల ఆరంభంలో అమెరికాలోని ఎంఐటీలో మొదలైంది. పుట్టిన తేదీ, పిల్లల పేరు, ఉద్యోగి నంబరు పాస్‌వర్డ్‌గా పనికిరావు; అవి పక్క క్వార్టర్‌లో వారికీ తెలుస్తాయి. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపిన పొడుగాటి పాస్‌వర్డ్ మేలు. ఒక్కో ఖాతాకు ఒక్కోటి ఉండాలి. ఊరికే నెలనెలా మార్చనక్కర్లేదని, బయటపడిందన్న అనుమానం వస్తే మార్చాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో సూచించింది. ఆన్‌లైన్‌లో కార్డుతో చెల్లించేటప్పుడు రెండో ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009లోనే నిబంధన పెట్టింది. అందుకోసం ఫోన్‌కు వచ్చే ఒక్కసారి వాడే సంఖ్యే ఓటీపీ. దాన్ని బ్యాంకు ఉద్యోగినని చెప్పినవారికైనా సరే ఇవ్వకూడదు.

అసలు చిక్కు వేలిముద్రతోనే. బ్యాంకు మిత్ర మిషన్‌కు ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలు చాలు. పిన్ అడగదు, ఓటీపీ రాదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు గానీ వేలిని మార్చుకోలేం. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించుకొని, రబ్బరు అచ్చులు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని తేల్చారు. దస్తావేజు మీద వేలు వేసిన రైతు తప్పు ఇందులో ఏమీ లేదు. బహిరంగంగా ఉండే కాగితాన్ని తాళంచెవిగా మార్చిన ఏర్పాటుదే లోపం. మిషన్ మీద పెట్టింది నిజమైన వేలో కాదో పసిగట్టే పద్ధతిని ఆధార్ సంస్థ 2023లో తెచ్చింది.

ఎంఆధార్ యాప్‌లో గానీ ఆధార్ కేంద్రంలో గానీ వేలిముద్రకు తాళం వేయించవచ్చు. డబ్బు తీసుకునేటప్పుడు కాసేపు తెరిస్తే సరిపోతుంది. దీనికి ఆధార్‌కు జతచేసిన ఫోన్ నంబరు వాడుకలో ఉండాలి. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దలకు ఇంట్లోవాళ్లే ఈ పని చేసిపెట్టాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. దొంగ ఖాతా నుంచి సొమ్ము దాటకముందే ఆపించే వీలుంటుంది.