చంద్రుని చెంత తీసిన ఛాయాచిత్రం

ఛాయాచిత్రం తీయటంతోనే దాని పని పూర్తి కాదు. దానిని మరొకరు చూడవలెను. చూచినవారు "ఇది ఎక్కడిది? ఎప్పటిది? ఎవరు తీసినది?" అని అడగవలెను. గోడమీద పాత గ్రూపు ఫోటో ఉన్న ఇంటికి బంధువులు వచ్చినప్పుడల్లా దాని ముందు నిలబడి, వరుసలో ఉన్నవారి పేర్లు చెప్పుకోవటం, ఒకరు చెప్పినది తప్పని మరొకరు సరిదిద్దటం అందరూ ఎరిగినదే. విజ్ఞానశాస్త్రంలో ఈ అలవాటుకు మరింత విలువ ఉన్నది. ఆ స్థలానికి పోలేనివారు కూడ చూచి, కొలిచి, వాదించి నిజం తేల్చుకొనటానికి ఛాయాచిత్రం ఆధారం. అయితే చిత్రంలో వివరాలు సమృద్ధిగా ఉంటేనే అది ఆ పరీక్షకు నిలుస్తుంది. 1968లో చంద్రుని దగ్గర తీసిన ఒక భూమి చిత్రం ఈ సంగతికి చక్కని ఉదాహరణ.

ఫిలిం పరిమాణం

ఫిలిం మీద పడే బొమ్మ పరిమాణాన్ని బట్టి కెమేరాలను మూడు తరగతులుగా చెప్పుకొనవచ్చును. 35 మిల్లీమీటర్ల ఫిలిం వాడే చిన్న కెమేరాలు ఒక తరగతి. విడివిడి పలకలు వాడే పెద్ద కెమేరాలు మరొక తరగతి. ఈ రెంటికీ నడుమ ఉన్నవి మధ్యతరహావి. వీటినే మీడియం ఫార్మాట్ కెమేరాలంటారు. వీటిలో చాలావాటికి వాడే ఫిలిం చుట్టకు 120 అని సంఖ్య. కోడక్ సంస్థ 1901లో రెండవ నంబరు బ్రౌనీ కెమేరా కోసం దీనిని ప్రవేశపెట్టినది. ఈ ఫిలిం వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లు. వెలుతురు సోకకుండా దాని వెనుక కాగితం చుట్టి ఉంటుంది. తెలుగు ఊళ్ళలోని ఫోటో స్టూడియోలలో కూడ 'వన్ ట్వంటీ' అనే మాట చాలాకాలం వాడుకలో ఉండినది. నూరేళ్ళు దాటినా ఈ ఫిలిం నేటికీ తయారవుతున్నది.

ఈ ఫిలిం మీద చదరపు బొమ్మను 6 × 6 అంటారు. నిజంగా కొలిస్తే ఒక్కొక్క భుజం 56 మిల్లీమీటర్లు; వైశాల్యం 3,136 చదరపు మిల్లీమీటర్లు. 35 మిల్లీమీటర్ల ఫిలిం మీద బొమ్మ కొలతలు 36 × 24; వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. అంటే మొదటిది రెండవదానికి మూడున్నర రెట్ల పైమాటే. 56 సెంటీమీటర్ల చదరపు పటం కావలెనంటే మొదటిదానిని 10 రెట్లు పెంచితే సరిపోతుంది. రెండవదానిలో 24 మిల్లీమీటర్ల చదరాన్ని తీసుకొని 23 రెట్లకు పైగా పెంచవలెను. బొమ్మతోపాటు ఫిలింలోని రేణువులు కూడ పెరుగుతవి. అందుచేత రెండవ పటం గరుకుగా కనిపిస్తుంది. సన్నని వివరాలు రేణువులలో కలిసిపోతవి.

ఈ పరిమాణం వల్ల మరొక సౌకర్యం కలిగినది. నెగటివును కాగితానికి తాకించి ముద్రించినా, చేత పట్టుకొని చూడదగినంత బొమ్మ వచ్చేది. పెంచే యంత్రం లేనివారు కూడ ఫోటోలు వేసుకొని ఇతరులకు చూపగలిగినారు. దీనికి ప్రతిఫలంగా కెమేరా బరువెక్కినది. ఒక చుట్టకు 12 బొమ్మలు మాత్రమే వచ్చేవి. కాబట్టి తీసేవాడు ఆలోచించి తీయవలసి వచ్చేది.

స్వీడన్ కెమేరా

1929లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఫ్రాంకే, హైడెకే అనువారి సంస్థ రోలైఫ్లెక్స్ కెమేరాను విడుదల చేసినది. పై కటకంతో చూచి, కింది కటకంతో బొమ్మ తీసే ఈ కెమేరా మధ్యతరహా ఫోటోలకు గొప్ప ఆదరణ తెచ్చినది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో స్వీడన్ వైమానిక దళానికి కెమేరాలు చేసియిచ్చిన విక్టర్ హాసెల్‌బ్లాడ్, యుద్ధం ముగిసిన తరువాత ప్రజలకోసం ఒక కెమేరాను రూపొందించి 1948లో న్యూయార్కులో ప్రదర్శించినాడు. కటకం, పెట్టె, ఫిలిం ఉండే వెనుక డబ్బా, మూడూ విడదీయటానికి వీలైనవే. ఈ ఫిలిం డబ్బాను మాగజైన్ అంటారు. నలుపు తెలుపు ఫిలిం సగంలో ఉండగా ఆ మాగజైన్ తీసి, రంగు ఫిలిం ఉన్నదానిని తగిలించవచ్చును. ఏ ఫిలిమూ చెడదు. ఈ చిన్న సదుపాయమే ఇరవై ఏళ్ళ తరువాత చంద్రుని దగ్గర అక్కరకు వచ్చినది.

1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూమిని చుట్టివచ్చినప్పుడు అతని వెంట ఉన్నది దుకాణంలో కొన్న 35 మిల్లీమీటర్ల చిన్న కెమేరా. అదే సంవత్సరం అక్టోబరు 3న వాల్టర్ షిరా అంతరిక్షానికి పోతూ, హ్యూస్టన్‌లోని ఒక దుకాణంలో కొన్న హాసెల్‌బ్లాడ్ కెమేరాను తీసుకొనిపోయినాడు. అది తెచ్చిన చిత్రాలలోని స్పష్టతను చూచిన తరువాత అమెరికా అంతరిక్ష సంస్థ ఆ కెమేరానే స్వీకరించినది. అపోలో యాత్రలనాటికి దానిలో 70 మిల్లీమీటర్ల వెడల్పుగల పలుచని ఫిలిం వాడసాగినారు. ఒక్కొక్క మాగజైన్‌లో సుమారు 160 రంగు చిత్రాలు, లేదా 200 నలుపు తెలుపు చిత్రాలు తీయవచ్చును.

నాలుగవ ప్రదక్షిణం

1968 డిసెంబరు 21న ఫ్రాంక్ బోర్మన్, జేమ్స్ లోవెల్, విలియం ఆండర్స్ అపోలో 8లో బయలుదేరినారు. డిసెంబరు 24న వారి నౌక చంద్రుని కక్ష్యలో ప్రవేశించినది. చంద్రతలాన్ని పరిశీలించటం, రాబోయే యాత్రికులు దిగదగిన చోట్లను ఫోటో తీయటం వారి ముఖ్యమైన పనులు. మొదటి మూడు ప్రదక్షిణాలలో నౌక తిరిగి ఉన్న తీరు వల్ల భూమి పైకి వచ్చే దృశ్యం వారి కంటపడలేదు. నాలుగవ ప్రదక్షిణంలో బోర్మన్ నౌకను మెల్లగా దొర్లిస్తుండగా, బూడిదరంగు చంద్రతలం అంచున నీలి భూమి కనిపించినది.

ఆండర్స్ వెంటనే తన చేతిలో ఉన్న కెమేరాతో ఒక బొమ్మ తీసినాడు. దానిలో ఉన్నది నలుపు తెలుపు ఫిలిం. రంగు ఫిలిం మాగజైన్ ఇవ్వమని అతడు లోవెల్‌ను తొందరపెట్టినాడు. లోవెల్ వెతికి అందించినాడు. ఈలోగా నౌక దొర్లుతున్నందున భూమి ఒక కిటికీనుండి మరొక కిటికీకి జరిగినట్లు కనిపించినది. దృశ్యం తప్పిపోయినదనుకొన్న ఆండర్స్‌కు అది మళ్ళీ దొరికినది. 250 మిల్లీమీటర్ల నాభ్యంతరంగల కటకంతో, సెకనులో 250వ వంతు కాలంలో, రంగు ఫిలిం మీద ఆ బొమ్మ పడినది.

ఈ బొమ్మలో భూమి పరిమాణాన్ని విద్యార్థులు సులభంగా లెక్కకట్టవచ్చును. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు; చంద్రునినుండి దూరం సుమారు 3,80,000 కిలోమీటర్లు. వ్యాసాన్ని దూరంతో భాగించి 250 మిల్లీమీటర్లతో హెచ్చవేస్తే ఎనిమిది మిల్లీమీటర్లకు కొంచెం పైన వస్తుంది. 80 మిల్లీమీటర్ల మామూలు కటకంతో తీసి ఉంటే అది మూడు మిల్లీమీటర్లు కూడ ఉండేది కాదు. ఎనిమిది మిల్లీమీటర్ల ఆ బొమ్మను పది రెట్లు పెంచితే భూమి నారింజపండంత అవుతుంది. దానిమీద మబ్బుల తెరలు విడివిడిగా కనిపిస్తవి.

లోకం చేతికి వచ్చిన బొమ్మ

చంద్రుని దగ్గరనుండి భూమిని ఫోటో తీయటం ఇదే మొదలు కాదు. 1966 ఆగస్టు 23న మనుషులు లేని లూనార్ ఆర్బిటర్ 1 అనే నౌక అటువంటి చిత్రాన్ని తీసినది. దాని ఫిలిం నౌకలోనే కడగబడి, బొమ్మ గీతలు గీతలుగా రేడియో ద్వారా భూమికి చేరినది. రంగు లేదు, అతుకులు కనిపించేవి. అపోలో 8 ఫిలిం మాత్రం డిసెంబరు 27న వ్యోమగాములతోపాటు తానే భూమికి వచ్చినది. హ్యూస్టన్ ప్రయోగశాలలో దానిని కడిగి, నెల ముగియకముందే చిత్రాలను పత్రికలకు ఇచ్చినారు. 1969లో అమెరికా తపాలాశాఖ ఈ దృశ్యంతో ఆరు సెంట్ల బిళ్ళ వెలువరించినది. 1970 ఏప్రిల్ 22న మొదటి భూదినోత్సవం జరిగిననాటికి ఈ చిత్రాన్ని ఎరుగనివారు అరుదు. పరిసరాల రక్షణ కోరేవారికి అది గుర్తుగా నిలిచినది.

చూచినవారు ప్రశ్నలు కూడ వేసినారు. చంద్రునిమీద నిలబడితే భూమి ఇలాగే ఉదయిస్తుందా? ఉదయించదు. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖాన్ని భూమివైపు ఉంచి తిరుగుతాడు. అందుచేత అక్కడ నిలబడినవానికి భూమి ఆకాశంలో దాదాపు ఒకేచోట ఉంటుంది. ఇక్కడ కదిలినది నౌక. ఆకాశంలో నక్షత్రాలు ఏవి? ఎండపడిన చంద్రతలానికి సరిపోయే స్వల్పకాలంలో నక్షత్రాల మందకాంతి ఫిలింమీద గుర్తు పెట్టలేదు. చంద్రతలం అడుగున ఉండటం నిజమేనా? వ్యోమగామి తీసిన తీరులో చంద్రతలం కుడిపక్కన నిలువుగా ఉన్నది. నేలమీద సూర్యోదయం చూచే అలవాటును బట్టి పత్రికలవారు బొమ్మను పక్కకు తిప్పినారు.

తీసినది ఎవరు?

అన్నిటికంటె ఎక్కువకాలం నడిచిన వాదం తీసినవాని గురించి. దృశ్యాన్ని తీసినది తానేనని బోర్మన్ చాలాకాలం చెప్పినాడు. తానేనని ఆండర్స్ అన్నాడు. ఒకే గదివంటి నౌకలో పక్కపక్కనే ఉన్న ఇద్దరి జ్ఞాపకాలు ఏకీభవించలేదు. ఇద్దరూ నిజాయితీపరులే, జ్ఞాపకం మాత్రం మారుతూ ఉంటుంది.

ఈ వాదాన్ని తేల్చటానికి మూడు ఆధారాలు కలిసివచ్చినవి. నౌకలోని మాటలు నమోదైన ధ్వని నాడా మొదటిది. అదే సమయంలో చంద్రతలం వైపు గురిపెట్టి బిగించిన మరొక హాసెల్‌బ్లాడ్ కెమేరా ఇరవై సెకనులకు ఒకటి చొప్పున తనంతట తాను తీసిన చిత్రాలు రెండవది. 2009లో ప్రయోగించిన లూనార్ రికానసెన్స్ ఆర్బిటర్ చంద్రతలంలోని ఎత్తుపల్లాలను కొలిచి పంపిన సమాచారం మూడవది. అంతరిక్ష సంస్థలోని ఎర్నీ రైట్ ఈ కొలతలతో చంద్రతలాన్ని గణకయంత్రంలో నిర్మించి, పాత ఫోటోలలోని గుంటలతో సరిపోల్చి, ప్రతి క్షణంలో నౌక ఎటు తిరిగి ఉన్నదో తేల్చినాడు. ఏ కిటికీలో భూమి ఎప్పుడు కనిపించినదీ దానివల్ల తెలిసినది. నాడాలోని మాటలు దానితో సరిపోయినవి. అపోలో చరిత్ర వ్రాసిన ఆండ్రూ చైకిన్ వివరణతో 2013 డిసెంబరులో ఈ ఫలితం వెల్లడైనది. రంగు చిత్రం తీసినవాడు ఆండర్స్. రంగు ఫిలిం వెతికి ఇచ్చినవాడు లోవెల్. నౌకను తిప్పి, ఆ దృశ్యాన్ని కిటికీ ముందుకు తెచ్చినవాడు బోర్మన్.

2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆ చిత్రంలో కనిపించే రెండు గుంటలకు యాత్రను స్మరించే పేర్లు పెట్టినది. ఒకదాని పేరు ఆండర్స్ ఎర్త్‌రైజ్, రెండవదాని పేరు 8 హోంవార్డ్. 2023లో బోర్మన్, 2024లో ఆండర్స్, 2025లో లోవెల్ మరణించినారు. ఆ కిటికీలలోనుండి చూచినవారిలో నేడు ఎవ్వరూ లేరు. ఫిలిం హ్యూస్టన్‌లోని శీతల భాండాగారంలో ఉన్నది; దాని ప్రతులు ప్రపంచమంతటా ఉన్నవి. యాభై ఐదు మిల్లీమీటర్ల ఆ చదరంలో ఇమిడిన వివరాలు ఎవరు ఎప్పుడు అడిగినా జవాబు చెప్పటానికి సిద్ధంగా ఉన్నవి. తరగతిలో ఈ చిత్రాన్ని చూపే ఉపాధ్యాయుడు స్కేలుతో భూమి వ్యాసాన్ని, చిత్రం వెడల్పును కొలిపించి, ఆ నిష్పత్తిని పైన చెప్పిన లెక్కతో సరిచూడమంటే, విద్యార్థులు కూడ ఆ పరిశీలనలో పాలుపంచుకొన్నట్లే.