సిసిలీ యూదులు: శ్రమజీవనం, బహిష్కరణ

మధ్యయుగ ఐరోపాలోని యూదుడు అనగానే వడ్డీవ్యాపారి రూపం స్ఫురించడం పరిపాటి. మధ్యధరా సముద్రంలోని సిసిలీ ద్వీపానికి ఆ రూపం అంతగా నప్పదు. అక్కడి యూదులలో అధికులు చేతివృత్తులవారు.

9వ శతాబ్దంలో మొదలైన ముస్లిం పాలన 11వ శతాబ్దపు నార్మన్ విజయంతో ముగిసింది. యూదులు మాత్రం అరబిక్‌ను విడువలేదు. దానిని హీబ్రూ లిపిలో రాసుకుంటూ 15వ శతాబ్దం వరకు నిలుపుకున్నారు. 1239లో చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన యూదులకు పలెర్మోలో నీలి, గోరింట సాగును అప్పగించాడు. చట్టరీత్యా వారు రాజకోశానికి చెందినవారు. అంటే రాజు వారికి రక్షకుడు, యజమాని కూడా.

1487లో పలెర్మోకు వచ్చిన ఇటలీ యూదపండితుడు ఒబాదియా తన లేఖలో అక్కడ సుమారు 850 యూదకుటుంబాలు ఉన్నట్లు పేర్కొన్నాడు. కంచరులు, కమ్మరులు, బరువులు మోసే కూలీలు అతనికి కనిపించారు. చిరిగిన బట్టల కారణంగా క్రైస్తవులు వారిని చిన్నచూపు చూసేవారు. గుర్తింపు కోసం వారు ఎర్రని గుడ్డముక్క ధరించవలసి వచ్చేది. అయినా అక్కడి ప్రార్థనాలయానికి సాటిలేదని ఆయన ప్రశంసించాడు. ఈ సహజీవనం ఎంత పెళుసైనదో 1474లో మోదికా పట్టణంలో జరిగిన ఊచకోత అప్పటికే చాటింది.

స్పెయిన్ నుంచి సిసిలీని ఏలుతున్న ఫెర్డినాండ్ రాజు జారీచేసిన బహిష్కరణ శాసనం 1492 జూన్ 18న ద్వీపంలో ప్రకటితమైంది. స్థానిక రాజోద్యోగులు దానిపై అభ్యంతరం తెలుపుతూ రాజుకు విజ్ఞాపన పంపారు. రాజ్యంలోని చేతివృత్తులవారు దాదాపు అందరూ యూదులేనని, వారు ఒక్కసారిగా వెళ్ళిపోతే గుర్రపు లాడాలకు, సేద్యపు పనిముట్లకు, ఓడల సామగ్రికి ఇనుపపని చేసేవారు కరవవుతారని అందులో వివరించారు. ఈ విజ్ఞాపన గమనార్హమైనది. న్యాయాన్యాయాల ప్రసక్తి కంటే లాడాల ప్రసక్తే ఇందులో ముందుంది! అయినప్పటికీ, యూదుల శ్రమకు ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు, ఎందుకంటే దీనిని పలికినవారు వారి పక్షపాతులు కారు.

రాజు గడువు పొడిగించాడే తప్ప శాసనాన్ని ఉపసంహరించలేదు. ఇకపై రాబోని పన్నులకు పరిహారాన్ని సైతం వెళ్ళిపోయేవారి నుంచే రాబట్టారు. వారి వెంట అనుమతించినవి కట్టుబట్టలు, పరుపు, కంబళి, పాత దుప్పట్లు, దారిబత్తెం, కొద్దిపాటి నాణేలు. 1493 జనవరి 12 చివరి గడువు. మతం మార్చుకున్నవారు ద్వీపంలో ఉండిపోయారు. తక్కినవారిలో అనేకులు మొదట నేపుల్స్ రాజ్యానికి, అటుపైన ఒట్టోమన్ సామ్రాజ్యానికి చేరారు. థెస్సలొనీకి నగరంలో వారు నెలకొల్పుకున్న ప్రార్థనాలయం సిసిలీ పేరునే ధరించింది.