కర్మసాక్షి యెదుట వర్తకధర్మము

అరసవల్లిలో వెలసిన సూర్యనారాయణమూర్తిని మనవారు కర్మసాక్షి యందురు. మనుష్యుడు చేయు ప్రతి కార్యమును చూచువాడని ఆ పేరునకు భావము. వర్తకశాస్త్రము చదువు విద్యార్థులు మొదట తెలిసికొనవలసిన భేద మొకటి యీ పేరులోనే యున్నది. న్యాయమునకు పత్రము కావలెను, సాక్షి కావలెను. ఎవరును చూడనిచోట సైతము పరుల సొత్తును ముట్టకుండుట నీతి. ఈ రెండును కలిసిన ఘట్టమొకటి మన తీరచరిత్రలో కలదు.

అరసవల్లికి సమీపమున, వంశధార సముద్రమున కలియుచోట కళింగపట్నము రేవున్నది. అచటినుండి తీరము వెంబడి దక్షిణముగా బహుదూరము పోయినచో, నేటి బాపట్ల జిల్లాలో మోటుపల్లి తగులును. కాకతీయుల కాలమున అది పేరొందిన రేవు. వెనిసు నగరమునుండి వచ్చిన మార్కో పోలో యీ రాజ్యమును ముత్ఫిలి యని ఆ రేవు పేరుతోనే పేర్కొనెను.

ఆ దినములలో వర్తకునకు సముద్రమొక భయము, రాజు మరియొక భయము. గాలివానకు పగిలి యొడ్డున పడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగువానిని పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరి. సరకు పోగొట్టుకొన్నవాడు పరదేశి. తీసికొన్నవాడు రాజు. ఇక నతడు మొరపెట్టుకొనుట కెవరున్నారు?

1244-45లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. ప్రాణముకంటె ధనమే గొప్పదని సముద్రయాన సాహసమునకు పూనుకొన్న వర్తకులయెడల దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును, నిర్ణయించిన సుంకము దక్క తక్కినదంతయు విడిచితిమని అందలి సారాంశము. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, ముత్యములు, పట్టు, మిరియములు మున్నగు సరకుల సుంకములను వేరువేరుగా రాతిపై చెక్కించిరి.

ఇందు మూడు మూలసూత్రములు గలవు. ఆపద వచ్చినంతమాత్రమున సొత్తుపై హక్కు పోదు. పన్ను ముందుగా నిర్ణయమై, అందరికిని తెలిసియుండవలెను. మాట యిచ్చిన ప్రభువు సైతము ఆ మాటకు కట్టుబడవలెను. ఇది కేవలము దయ కాదు. అభయమున్నచోటికి ఓడలు వచ్చును. ఓడలు వచ్చిన సుంకము వచ్చును. ధర్మమునకును లాభమునకును వైరము లేదని ఆ రాజు గ్రహించెను.

శాసనములలో ఆచంద్రార్కమని వ్రాయుట మనవారి యాచారము. చంద్రసూర్యులున్నంత కాలము నిలువవలెనని దాని యర్థము. కాని 1323లో ఓరుగల్లు పడిపోయెను. మాట నిలుపువారు లేనప్పుడు రాయి యేమి చేయగలదు? 1358లో కొండవీటి అనపోత రెడ్డి యదే రేవున మరల అభయమీయవలసివచ్చెను. సంతానము లేక మరణించిన వర్తకుని సొత్తును రాజు గైకొను ఆచారమును గూడ అతడు మాన్పించెను. న్యాయమును ఒకసారి వ్రాసిన చాలదు. ప్రతి తరమును దానిని మరల పాటింపవలెను.

మన దేశమున 1872లో వచ్చిన ఒడంబడికల చట్టములో 71వ సెక్షను కలదు. పరుల సొత్తు దొరికి, దానిని తన స్వాధీనమునకు తీసికొన్నవాడు, నమ్మి దాచుమని యిచ్చిన సొత్తును కాపాడువానివలె బాధ్యుడని అది చెప్పును.

రథసప్తమినాడు అరసవల్లి వీధిలో యాత్రికుడొకడు అంగడిలో సంచి మరచి పోయెననుకొందము. జనసమ్మర్దములో ఎవరును చూడలేదు. ఆ అంగడివానికి ఆ సంచి, ఆనాటి రాజునకు ఒడ్డున పడిన ఓడవంటిది. చట్టమతనికి తెలియకపోవచ్చును. పైనున్న కర్మసాక్షి మాత్ర మతనికి తెలియనివాడు కాడు.