పెరటి తమలపాకు: రకాల పేర్లు, గుర్తింపు – ఒక చారిత్రక పరిశీలన

తాంబూల చరిత్ర వేరు, తమలపాకు తీగ చరిత్ర వేరు. మొదటిదానికి ఆధారాలు సమృద్ధిగా ఉన్నాయి. 1443లో విజయనగరాన్ని దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ ఈ ఆకును నారింజ ఆకుతో పోల్చి, దానికన్నా పొడవైనదని వర్ణించాడు. అల్లసాని పెద్దన పేర ప్రచారంలో ఉన్న చాటువులో కావ్యరచనకు కావలసిన వసతులలో కప్పురవిడెం ఒకటి. అక్కడి కప్పురం విడెంలో చేర్చిన కర్పూరమే గాని, నేడు కపూరీ అని వ్యవహరించే ఆకు రకం కాదు. ప్రాచీన సాహిత్యం సాధారణంగా విడెం తయారీని వర్ణిస్తుంది. తీగ రకాన్ని చెప్పదు.

రకాల పేర్లు ఊళ్ళ నుండి వచ్చాయి: తుని, చింతలపూడి, పొన్నూరు. దీనికి కారణం తీగ స్వభావంలోనే ఉంది. లిన్నేయస్ 1753లో శాస్త్రీయంగా నామకరణం చేసిన ఈ మొక్కలో ఆడ తీగ, మగ తీగ వేరువేరు. మన తోటల్లో పూత అరుదు, కాయ మరీ అరుదు. కణుపులున్న తీగముక్కే విత్తనం. అందువల్ల ఒకే ముక్క నుండి విస్తరించిన తోట అంతా నిజానికి ఒకే మొక్క. ముక్కతోపాటు ఊరిపేరూ ప్రయాణించింది. బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగలోనూ ఆడామగా వేరు. అక్కడా రకాన్ని నిలిపేది ముక్కే. అయితే హాప్స్‌లో ఆడతీగ పూగుత్తులకే విలువ కనుక రైతుకు ఆ భేదం తెలియక తప్పదు. తమలపాకులో ఆకే పంట కావడంతో ఆ భేదాన్ని పట్టించుకోవలసిన అవసరం రాలేదు.

ఆకు మాత్రం కొంత చెబుతుంది. కపూరీ వర్గంలో ఎక్కువగా మగ తీగలు, బంగ్లా వర్గంలో ఎక్కువగా ఆడ తీగలు ఉన్నట్లు శాస్త్రపరిశీలనలో తేలింది. మొదటిదాని ఆకు సన్నగా కోలగా, రెండవదాని ఆకు వెడల్పుగా హృదయాకారంలో ఉంటుంది. బంగ్లా ఆకులోని లవంగపు ఘాటుకు యూజినాల్, మీఠా ఆకులోని సోంపు వాసనకు అనెథోల్ కారణాలు.

విశాఖ నగరం విస్తరించి మధురవాడను తనలో కలుపుకున్నాక అవిసె చెట్టుకు పాకవలసిన తీగ బాల్కనీ కుండీలోకి చేరుతున్నది. తుని విశాఖకు సుమారు నూరు కిలోమీటర్ల దూరమే. అయినా చేతులు మారిన కొమ్మకు ఊరిపేరు మిగలదు, తమలపాకు అన్న సామాన్యనామమే మిగులుతుంది. అటువంటి తీగను ఆకారంతో గుర్తించబూనినప్పుడు ఒక చిక్కుంది. ప్రధాన తీగ ఆకూ పక్కకొమ్మ ఆకూ ఒకే తీరున ఉండవు. నీడ ఎక్కువైతే ఆకు వెడల్పు, మందం మారుతాయి. తొడిమతో సహా కోసిన ముదురు ఆకులను, అవీ ఒకే స్థానం నుండి తీసినవాటిని, పోల్చినప్పుడే ఆకారానికి సాక్ష్యవిలువ ఉంటుంది. అప్పుడు కూడా తెలిసేది వర్గమే; ఆ కొమ్మ ఏ ఊరిదన్నది ఇచ్చినవారి జ్ఞాపకంలోనే వెతకాలి.