కాలజ్ఞానమును చదువు విధము

రేపు రాబోవునది యేదో తెలిసికొనవలెనను కోరిక మానవునకు సహజము. కఱవు వచ్చినను, యుద్ధము వచ్చినను, తెలియని రోగము వ్యాపించినను ఆ కోరిక రెట్టింపగును. 2022లో అనంతపురమునుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను పట్టణముల జనులకు ఇట్టి గ్రంథములు రెండు పరిచితములు. ఒకటి కడప సీమలో సమాధియైన పోతులూరి వీరబ్రహ్మముగారి కాలజ్ఞానము. రెండవది క్రైస్తవుల బైబిలునందలి దానియేలు గ్రంథమును యోహాను ప్రకటనయును. మొదటిదానిని తత్త్వములు పాడువారి నోట విందుము. రెండవదానిని క్రైస్తవ సంఘములలో కొందఱు గుంపుగా కూర్చుండి, ఒక్కొక్క వచనమునే చదివి, అంత్యకాల లక్షణములను విచారింతురు. ఈ చదువు మేలా, కీడా? దాని చరిత్ర యెఱుగనిదే ఉత్తరము చెప్పరాదు.

1800లో నైజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసెను. 1805లో లండన్ మిషనరీ సంఘమువారైన క్రాన్, దే గ్రాంజెస్ అనువారు విశాఖపట్టణమున తెలుగు అనువాదమునకు పూనుకొనిరి. 1810లో అదే సంఘమునకు చెందిన జాన్ హ్యాండ్సు బళ్లారిలో నిలిచెను. పెనుకొండ ప్రాంతము అప్పుడు బళ్లారి మండలములోనిది; అనంతపురము వేఱు మండలమైనది 1882లో. క్రొత్త నిబంధన 1818లో చెన్నపట్టణమున తెలుగున అచ్చుపడెను. పిదప 1876-78 నాటి ధాత కఱవు దత్తమండలములను దహించెను. ప్రకటన గ్రంథమున త్రాసు చేత బట్టిన నల్లగుఱ్ఱపు రౌతు వచ్చినపుడు ధాన్యపు ధర చాటబడును. ఆ కఱవును చూచినవారికి అది పరదేశపు కథగా తోచియుండదు.

ప్రవచనములను గుంపుగా పరిశోధించు వాడుక 19వ శతాబ్దమున ఐర్లండు, ఇంగ్లండు దేశములలో బలపడెను. 1830 ప్రాంతమున పవర్సుకోర్టు ప్రభ్వి యింట జరిగిన సభలలో జాన్ నెల్సన్ డార్బీ మొదలగువారు ఈ విషయమునే చర్చించిరి. ఆ బ్రదరన్ వర్గమునకు చెందిన ఆంటొనీ నారిస్ గ్రోవ్సు 1833లో మన దేశమునకు వచ్చెను. ఆయన ప్రేరణచే 1836లో బౌడెన్, బీర్ అనువారు తెలుగు దేశము చేరి, గోదావరి డెల్టాలో పనిచేసిరి. చరిత్రను యుగములుగా విభజించు డార్బీ పద్ధతి 1909లో స్కోఫీల్డు ప్రకటించిన సటీక బైబిలు మూలమున లోకమంతట ప్రాకెను. ఆ గ్రంథమున మూలము పైనను, టీక క్రిందను ఒకే పుటలో నుండును. మూలమునకును టీకకును గల భేదము మఱచినవానికి టీకయే వేదమగును. ఇది ఒక్క మతమువారికే కలుగు ప్రమాదము కాదు.

ప్రకటన గ్రంథము మొదటి శతాబ్దాంతమున ఆసియా మైనరులోని ఏడు సంఘములకు వ్రాయబడినది. రోము ప్రభుత్వపు ఒత్తిడికి లోనైన అల్పసంఖ్యాకులకు అది ధైర్యవాక్యము. మన పూర్వులు కటపయాది పద్ధతిచే అక్షరములలో అంకెలను దాచినట్లే హెబ్రీయులును తమ అక్షరములకు సంఖ్యలు కల్పించిరి. ఆ లెక్కను ‘నేరోన్ కైసర్’ అను పేరు 666 అగును. తుది నకారము లేక వ్రాసినచో 616 అగును. కొన్ని ప్రాచీన ప్రతులలో ఈ 616 సంఖ్యయే కలదు. కావున ఆ మృగము నీరో చక్రవర్తికి గుర్తని పలువురు పండితుల మతము. దానియేలు గ్రంథములోని దర్శనములు సైతము క్రీ.పూ. 2వ శతాబ్దమున అంతియోకు రాజు యూదులను హింసించిన కాలమునకు సరిపోవునని వారందురు.

ఈ రీతి మనకు క్రొత్తది కాదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరము కూలగా తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. ఆ పతనము తరువాత విద్యారణ్యుల పేర కాలజ్ఞాన గ్రంథములు పుట్టినవి. జరిగిపోయిన రాజుల చరిత్రను జరుగబోవుదానివలె అవి చెప్పును. దానిని మోసమని త్రోసివేయుట సులభము. కాని, రాజ్యము పోయిన జనులు తమ దుఃఖమునకు ఒక అర్థమును వెదకికొనిరని గ్రహించుట చరిత్రకారుని ధర్మము.

కీడు కలుగునది తేదీ పెట్టుటలో. అమెరికాలో విలియం మిల్లరు అను రైతు దానియేలు గ్రంథములోని 2300 దినములను సంవత్సరములుగా ఎంచి, క్రీ.పూ. 457 మొదలుకొని లెక్కించి, క్రీస్తు పునరాగమనము 1843-44లో నగునని చాటెను. తుదకు 1844 అక్టోబరు 22 నిర్ణయమయ్యెను. కొందఱు పంటను పొలముననే విడిచిరి. ఆ దినము వచ్చెను, పోయెను. పంట చెడెను, మనసులు విఱిగెను. ఆ దినమును ఆ గడియను తానును ఎఱుగనని క్రీస్తు చెప్పినట్లు సువార్తలోనే యున్నది. ఆ దినము వచ్చినదన్న వదంతిచే కలవరపడకుడని థెస్సలొనీకవారికి వ్రాసిన లేఖలోనే, పని మాని తిరుగువారిని గూర్చిన గద్దింపును గలదు.

లోకము రేపే ముగియునని నమ్మినవాడు నేడు కూతును బడికేల పంపును? చెఱువుకట్టకు మన్నేల పోయును? ధర్మవరపు నేతగాడు నెల పట్టు చీరను మగ్గమున కేల ఎక్కించును? భయము పుట్టించు చదువు మొదట హరించునది ఆడుబిడ్డల విద్యను, పేదల శ్రమను. అయినను గుంపుగా చదువుటను మేము నిందింపము. తెలుగు, కన్నడము రెండును వినవచ్చు హిందూపురపు సీమలో, పురాణమును వినుటయే గాని చదువుట యెఱుగని స్త్రీలకు స్వయముగా పుస్తకము విప్పి ప్రశ్నించు అవకాశమొసగునది ఏదైనను గౌరవింపదగినదే.

కావున అట్టి గుంపువారు మూడు ప్రశ్నలు అడుగుదురు గాక: ఈ మాట ఎవరు, ఎవరికి, ఏ కష్టకాలమున చెప్పిరి? ఇది మూలమా, టీకయా? దీనిని నమ్మి నేడు పొరుగువానికి మనము చేయవలసిన మేలు ఏది? వీరబ్రహ్మముగారి గ్రంథమునకును ఇవే ప్రశ్నలు వర్తించును. ఇట్లు చదివినచో కాలజ్ఞానము కాలమును వ్యర్థపుచ్చునది గాక, సద్వినియోగము నేర్పునది యగును.