కటిక అంగడిలో అడుగవలసిన ప్రశ్న

శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం ఆంధ్రదేశమునకు ఈశాన్యపు అంచు. దాని పొరుగుననున్న పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సాలో చేరగా, పాతపట్నం మద్రాసు రాజధానిలోనే నిలిచినది. ఒక్కపూటలో పోయి రాదగిన ఈ రెండూళ్ళ నడుమ నాటినుండి సరిహద్దు గీత ఉన్నది. ఏ మాంసము తినదగినది, ఏది తగనిది అను విచారములో గూడ ఇట్టి గీతలు కలవు. అవి ఏ పటమునందును కానరావు.

ఈ సీమలో గ్రామదేవత సంబరమునాడు మొక్కుబడి పోతును అమ్మవారి యెదుటికి తెచ్చి నీళ్ళు చల్లుదురు. అది ఒడలు విదిలించినచో దేవత అంగీకరించినదని నమ్మకము. పిమ్మట ఒక్క వేటున తల తెగవలెను. తల ఎవరికి చెందునో, ఏ వృత్తివారి వంతు ఎంతయో వాడుక నిర్ణయించును. ఆ పోతు ఎవరిదో, ఎవరు కోసిరో, ఎందుకు కోసిరో వంటచేయు ఇల్లాలికి తెలియును. దానికి చీటీ అంటింపవలసిన పని లేకుండెను.

అదే ఊరిలోని ముస్లిము కుటుంబము ఆ మాంసమును ముట్టదు. భగవన్నామమును ఉచ్చరించి, పదునైన కత్తితో గొంతును, రక్తనాళములను తెంచి, నెత్తురు కారిపోనిచ్చినదే వారికి హలాల్. సిక్కుల మర్యాదా గ్రంథము 1945లో ఆమోదము పొందినది. అందు ఆ పద్ధతిని కోసిన మాంసమే నిషిద్ధము, ఒక్క వేటున కోసిన ఝట్కాయే వారికి సమ్మతము. ఒకరికి విధియైనది మరొకరికి నిషేధము.

ఇక క్రైస్తవుల చిక్కు మిక్కిలి పాతది. మొదటి శతాబ్దిలో కొరింథు పట్టణపు విశ్వాసులకు వ్రాసిన లేఖలో పౌలు దీనినే చర్చించినాడు. అంగడిలో అమ్మునది ఏదియు అడుగక తినవచ్చును. ఇది బలి యిచ్చినదని ఎవరైన తెలిపినచో, తెలిపినవాని మనస్సాక్షి కొరకు మానవలెను. ఇది ఆయన తీర్పు. అడుగకుండుటయే మేలని ఆనాటి సలహా. అడుగకయే తెలియవలెనని నేటి కొనుగోలుదారుని కోరిక. ఈ మార్పునకు కారణము మతము కాదు, పట్టణము. కోసినవాని ముఖమెరుగని బజారులో మనము కొనుచున్నాము.

ప్రభుత్వము ఈ విషయమున రెండు తీరుల నడచినది. దేవాలయములలోను, వాటి ఆవరణములలోను జంతుబలిని నిషేధించుచు మద్రాసు శాసనసభ 1950లో చట్టము చేసెను. అది పాతపట్నమునకు వర్తించెను. ఒరిస్సాలోని పర్లాకిమిడికి వర్తింపలేదు. చట్టము వచ్చినను మొక్కుబడులు మానలేదు. తమిళనాడులో 2003లో దానిని గట్టిగా అమలుపరుపబోగా అలజడి రేగి, మరుసటి ఏడే చట్టమును రద్దుచేసిరి. మరొకవైపు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, 28వ విభాగమున, ఏ సమాజపు మతమైనను విధించు రీతిని జంతువును చంపుట నేరము కాదన్నది.

చీటీల విషయమునకు వత్తము. 2001 నుండి పొట్లములలో అమ్ము మాంసాహారముపై గోధుమరంగు గుర్తు విధిగా ఉండవలెను; మొదట అది చుక్క, 2020 నాటి నిబంధనలలో త్రికోణమైనది. అది మాంసమని తెలుపునే గాని ఎట్లు కోసిరో తెలుపదు. 2021 జనవరిలో దక్షిణ ఢిల్లీ నగరపాలక సంస్థ హలాలో, ఝట్కాయో దుకాణములును, భోజనశాలలును బోర్డుపై వ్రాయవలెనని తీర్మానించెను.

ఐరోపాలో వాదము వేరుదారి పట్టినది. అక్కడ సామాన్యముగ పశువును స్పృహ తప్పించి కోయుదురు. యూదులకును, ముస్లిములకును పెక్కు దేశములలో మినహాయింపు ఉన్నది. యూదులు పశువు వెనుకభాగమును సాధారణముగ తినరు. తొడనరమును తీయుట శ్రమతో కూడిన పని. కావున ఆ భాగము మామూలు అంగడికి పోవును, కొనువానికి దాని పుట్టుక తెలియదు. స్పృహ తప్పింపక కోసినదని గుర్తు వేయవలెనని 2010లో ఐరోపా పార్లమెంటు కోరెను. 2011 నాటి తుది చట్టములో ఆ నియమము లేదు. గుర్తు పడినచో ఆ భాగము అమ్ముడుపోక తమ మాంసము ధర పెరుగునని, తమ ఆచారమొక్కటే నేరస్థునివలె నిలుచునని యూదులు అభ్యంతరపెట్టిరి.

ఆ అభ్యంతరములో న్యాయమున్నదని నా అభిప్రాయము. తెలుసుకొను హక్కును నేను కాదనను. కాని హలాల్‌పై గుర్తు వేసి, తుపాకిబోల్టుతో, విద్యుత్తుతో, వాయువుతో పడగొట్టినవానిపై వేయకున్నచో అది సమాచారము కాదు, వెలి. విధానములన్నిటిని వ్రాయుడు, మన సంబరపు పోతును గూడ కలిపి వ్రాయుడు. వ్రాసిన గుర్తు విధానమునకు చెందవలెను గాని కోసినవాని కులమతములకు కాదు.

మన మటన్ దుకాణములలో వ్రేలాడు మేకకు తోక ఉంచుట వాడుక. అది మేకయో గొర్రెయో కొనువారు పోల్చుకొందురు. పురపాలక వధశాలనుండి వచ్చినదైనచో పశువైద్యుని పరీక్షకు గుర్తుగా తొడపై ముద్ర ఉండును. మిగిలినదంతయు నేటికిని దుకాణదారుని అడిగి తెలుసుకొనవలసినదే.